స్టిక్కర్ మీద ఇంటెల్, ఫైల్ పేరులో ఏఎండీ: ఒక హాస్టల్ ల్యాబ్ కేస్ స్టడీ

నేపథ్యం

చిన్న సంస్థల దగ్గరున్న పాత కంప్యూటర్లలో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, అవి రోజూ పనికొచ్చేలా చేసిపెట్టడం నా వృత్తి. ఎక్కువగా హాస్టళ్లు, ట్రస్టు స్కూళ్లు, గ్రంథాలయాలు పిలుస్తుంటాయి. ఈ కేసు తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రంలో డిగ్రీ విద్యార్థులు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఉండే హాస్టల్‌ది. ఊరు, సంస్థ, మనుషులు ఎవరో తెలియకుండా వివరాలు మార్చాను. యంత్రాల వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను, ఎందుకంటే నేర్చుకోవాల్సిందంతా వాటిలోనే ఉంది.

ల్యాబ్‌లోని సిస్టమ్‌లన్నీ దానంగా వచ్చినవే. ఇంటెల్ కోర్ 2 డ్యుయో ఈ7500 ఉన్న డెస్క్‌టాప్‌లు పది. వాటిలో ఆరింటికి 4 జీబీ ర్యామ్, మిగతా నాలుగింటికి 2 జీబీ. ఇంటెల్ ఆటమ్ ఎన్270 ఉన్న చిన్న నెట్‌బుక్‌లు మూడు, ఒక్కోదానికి 1 జీబీ. ఆటమ్ జడ్3735ఎఫ్ ఉన్న మినీ పీసీలు రెండు. అరచేతిలో పట్టేంత పెట్టెలు, 2 జీబీ ర్యామ్, బోర్డుకే అతికించిన 32 జీబీ స్టోరేజీ. ఇవి కాక వార్డెన్ ఆఫీసులో నాలుగో తరం కోర్ ఐ5 సిస్టమ్ ఒకటి.

ల్యాబ్ చూసుకునే యువకుడు అదే హాస్టల్లో చదువుకున్నవాడు. చురుకైనవాడు, ఓపిక ఉన్నవాడు. డెస్క్‌టాప్‌లు, నెట్‌బుక్‌లు అన్నిటిలో తనే డెబియన్ 12 (లినక్స్‌లో ఒక రకం) వేశాడు. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా పదమూడు సిస్టమ్‌లను నడిపించాడంటే మెచ్చుకోవాల్సిందే. అతను ఎంచుకున్న ఇన్‌స్టాల్ ఫైల్ మాత్రం ఐ386, అంటే పాత 32-బిట్ ప్రాసెసర్ల కోసం చేసింది.

వచ్చిన సమస్య

నన్ను పిలిచేనాటికి నాలుగు ఇబ్బందులు కలగాపులగమై ఉన్నాయి. విద్యార్థులు రాసే మాక్ టెస్ట్ సైట్ ఒకటి క్రోమ్ తప్ప వేరే బ్రౌజర్‌ను ఒప్పుకోదు. క్రోమ్ ప్యాకేజీ వేయబోతే 'ప్యాకేజీ ఆర్కిటెక్చర్ ఏఎండీ64, సిస్టమ్ ఐ386, రెండూ కలవట్లేదు' అనే ఎర్రర్ వస్తోంది (ఆర్కిటెక్చర్ అంటే ప్రాసెసర్ అర్థం చేసుకునే ఆదేశాల రకం). డెబియన్ 13కి మారదామంటే ఐ386 ఇన్‌స్టాలర్ ఎక్కడా కనిపించడం లేదు. మినీ పీసీలు వాళ్లు పెట్టిన పెన్‌డ్రైవ్‌తో బూట్ కావడం లేదు. రెడ్ హ్యాట్ (కంపెనీలు వాడే లినక్స్) కోర్సుకు తయారవుతున్న ఇద్దరు విద్యార్థులు ఒక డెస్క్‌టాప్‌లో దానికి ఉచిత ప్రతిరూపం లాంటి ఆల్మాలినక్స్ 9 వేయబోతే, ఇన్‌స్టాలర్ మొదలైన కొద్ది సెకన్లకే కెర్నల్ ప్యానిక్ (కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, ముందుకు సాగలేని స్థితి) అని ఆగిపోతోంది.

"పాత సిస్టమ్‌లు అన్నా, ఇక వీటి పని అయిపోయినట్టే" అన్నాడు ఇన్‌చార్జి. కొత్తవి కొనడానికి దాతను అడగాలని వార్డెన్ కూడా అప్పటికే అనుకుంటున్నారు. ఆ మాట విన్నాక ముందుగా తేల్చాల్సింది ఇదీ అనిపించింది: ఇవి నిజంగా వయసైపోయి ఆగుతున్నాయా, లేక తప్పు పేరున్న ఫైల్ వేసినందుకు ఆగుతున్నాయా? మొదటిదైతే డబ్బు కావాలి. రెండోదైతే పెన్‌డ్రైవ్ చాలు.

ఐ386 ఎందుకు ఎంచుకున్నాడు

ఏ సంస్థకు వెళ్లినా ముందు వాళ్లు తీసుకున్న నిర్ణయం వెనక తర్కం అడుగుతాను. అది తెలియకపోతే నేను సరిచేసి వచ్చిన మర్నాడే మళ్లీ అదే జరుగుతుంది. ఇతని తర్కం తేలిగ్గా తీసిపారేసేది కాదు.

"ఇవన్నీ ఇంటెల్ సిస్టమ్‌లు కదన్నా. ఏఎండీ64 అని ఉన్నది ఏఎండీ వాళ్లకు అనుకున్నా. ఐ386లో ఐ అంటే ఇంటెల్. పైగా ఇంతకుముందున్న విండోస్ 7లో సిస్టమ్ టైప్ చూస్తే 32-బిట్ అని ఉంది."

రెండు ఆధారాలు చూసుకున్నాడు, రెండూ ఒకే వైపు చూపించాయి. ఇంతకన్నా జాగ్రత్తగా ఎవరుంటారు? ఆ రెండు ఆధారాలూ అడగాల్సిన ప్రశ్నకు సంబంధించినవి కావు, అంతే.

ఏఎండీ64 అనే పేరు వెనక చరిత్ర ఉంది. పాత 32-బిట్ ఎక్స్86 ఆదేశాలను అలాగే ఉంచి, వాటిని 64-బిట్‌కు పొడిగించే పద్ధతిని ముందు తయారుచేసింది ఏఎండీ. 2003లో ఆప్టెరాన్, ఆ తర్వాత అథ్లాన్ 64 దానితో మార్కెట్‌లోకి వచ్చాయి. ఇంటెల్ అప్పటికే 64-బిట్‌కు ఇటానియం అనే పూర్తిగా వేరే దారి పట్టింది. అయినా 2004లో ఏఎండీ పద్ధతినే తన జియాన్, పెంటియం 4 చిప్‌లలోకి తెచ్చుకుని, ముందు ఈఎం64టీ అని, తర్వాత ఇంటెల్ 64 అని పిలిచింది. ముందు చేసినవాళ్ల పేరే డెబియన్, ఉబుంటులలో నిలిచిపోయింది. ఫెడోరా, రెడ్ హ్యాట్ వాళ్లు దాన్నే ఎక్స్86_64 అంటారు, విండోస్ వాళ్లు ఎక్స్64 అంటారు. అన్నీ ఒకటే. ఆ పేరు చెప్పేది ప్రాసెసర్ ఏ ఆదేశాలను అర్థం చేసుకుంటుందన్నది. దాన్ని ఏ కంపెనీ చేసిందన్నది అందులో లేదు.

విండోస్ 7 చూపించిన 32-బిట్ మాట కూడా నిజమే. అయితే అది చెప్పింది అప్పుడు వేసి ఉన్న విండోస్ గురించి. 64-బిట్ ప్రాసెసర్ మీద 32-బిట్ విండోస్ హాయిగా నడుస్తుంది. దానం ఇచ్చినవాళ్లు అలాగే వాడుకున్నారు. విండోస్ 8 నుంచి అదే చోట '32-బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64-బేస్డ్ ప్రాసెసర్' అని రెండు ముక్కలుగా రాస్తున్నారు. మనకు కావాల్సింది రెండో ముక్క. విండోస్ 7లో ఆ ముక్కే ఉండదు, అందుకే చాలామంది అక్కడ పప్పులో కాలేస్తారు.

నేను వెళ్లేలోపు వాళ్లు చేసినవి

ఒక సీనియర్ విద్యార్థి "ఇంటెల్ 64 అంటే ఐఏ64" అని చెప్పి, పాత ఆర్కైవ్‌లో డెబియన్ 7కు చెందిన ఐఏ64 ఇమేజ్ వెతికి తెచ్చాడు. పేరు చూస్తే ఇంటెల్ ఆర్కిటెక్చర్ 64, అతికినట్టు సరిపోతుంది. అది మాత్రం ఇటానియం కోసం చేసింది. 2001లో వచ్చిన ఆ చిప్ ఆదేశాలకూ మన ఇళ్లల్లోని పీసీల ఆదేశాలకూ పోలికే లేదు. ఇంటెల్ 2021లో ఇటానియం సరఫరా ఆపేసింది, 2024 జనవరిలో వచ్చిన లినక్స్ 6.7 కెర్నల్ నుంచి దాని కోడ్ కూడా తీసేశారు. ఆ డిస్క్ ఏ డెస్క్‌టాప్‌లోనూ కదలలేదు.

ఇంకొకరు ఏఎండీ64 బదులు ఏఆర్ఎం64 దింపారు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే రెంటికీ మధ్య తేడా రెండక్షరాలే, జాబితాలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఏఆర్ఎం64 (కొన్నిచోట్ల ఏఆర్క్64 అనీ ఉంటుంది) మన ఫోన్లలో, రాస్‌ప్‌బెర్రీ పై లాంటి బోర్డులలో ఉండే ప్రాసెసర్లకు. ఈ హాస్టల్లో దానికి సరిపోయే యంత్రమే లేదు.

అన్నిటికన్నా ఎక్కువ అయోమయం పెట్టింది మూడోది. ఎవరో వీడియో చూసి, ఐ386 డెబియన్ ఉన్న ఒక డెస్క్‌టాప్‌లో 64-బిట్ కెర్నల్ ఒక్కటే ఎక్కించారు. టెర్మినల్‌లో యూనేమ్ -ఎం కొడితే ఎక్స్86_64 అని వచ్చింది. సిస్టమ్ 64-బిట్ అయిపోయిందని సంబరపడ్డారు, క్రోమ్ మాత్రం మళ్లీ అదే ఎర్రర్‌తో తిరగ్గొట్టింది. నేను అదే టెర్మినల్‌లో డీపీకేజీ --ప్రింట్-ఆర్కిటెక్చర్ కొట్టి చూపించాను: ఐ386. యూనేమ్ నడుస్తున్న కెర్నల్ గురించి చెబుతుంది. డీపీకేజీ (డెబియన్‌లో ప్యాకేజీలు వేసే ప్రోగ్రాం), ప్యాకేజీలన్నీ ఏ ఆర్కిటెక్చర్ కోసం వేశారో చెబుతుంది. 64-బిట్ కెర్నల్ కింద 32-బిట్ ప్రోగ్రాములు నడుస్తాయి కాబట్టి, ఈ రెండు జవాబులూ వేరువేరుగా ఉండి కూడా రెండూ నిజం కావచ్చు.

యంత్రాన్నే అడిగాం

ఇక్కడి నుంచి స్టిక్కర్లు, పాత విండోస్, యూనేమ్ మూడింటినీ పక్కన పెట్టాం. ఒక్కో సిస్టమ్‌లో ఎల్ఎస్‌సీపీయూ కొట్టించాను. రెండో వరుసలో 'సీపీయూ ఆప్-మోడ్స్' అని ఉంటుంది. అక్కడ 32-బిట్, 64-బిట్ రెండూ కనిపిస్తే ఆ ప్రాసెసర్ 64-బిట్‌ది. ఇంకా నమ్మకంగా కావాలంటే ప్రాక్ ఫోల్డర్‌లోని సీపీయూఇన్ఫో ఫైల్ తెరిచి, ఫ్లాగ్స్ వరుసలో ఎల్ఎం అన్న రెండక్షరాలు ఉన్నాయేమో చూడాలి. లాంగ్ మోడ్‌కు, అంటే 64-బిట్‌లో నడిచే సామర్థ్యానికి, గుర్తు అది. 32-బిట్ లినక్స్ నడుస్తున్నప్పుడు కూడా ఆ గుర్తు కనిపిస్తుంది, అందుకే నేను దాన్నే ఎక్కువగా నమ్ముతాను.

పది డెస్క్‌టాప్‌లలోనూ ఎల్ఎం ఉంది. మూడు నెట్‌బుక్‌లలో లేదు. ఆటమ్ ఎన్270, 2008 నాటి చిప్, నిఖార్సైన 32-బిట్. మినీ పీసీలు లినక్స్‌లోకి వెళ్లడం లేదు గనుక, వాటితో వచ్చిన విండోస్ 10లోనే సిస్టమ్ టైప్ చూశాం: 32-బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64-బేస్డ్ ప్రాసెసర్.

జాబితా కాగితం మీదికి ఎక్కేసరికి ఇన్‌చార్జి ముఖంలో టెన్షన్ సగం తగ్గింది. పదమూడింటికీ ఒకటే ఫైల్ అన్న అతని పద్ధతి, నిజానికి మూడు నెట్‌బుక్‌లకే సరైనది.

డెస్క్‌టాప్‌లు: మార్చడమా, మళ్లీ వేయడమా

ఐ386 నుంచి ఏఎండీ64కు ఉన్నచోటే మారే దారి ఒకటుంది, క్రాస్‌గ్రేడ్ అంటారు. విద్యార్థుల ఫైళ్లు, సెట్టింగులు పోకూడదని ఇన్‌చార్జి దానికే మొగ్గు చూపాడు. డేటా ముందే బయటికి తీసిన ఒక సిస్టమ్‌లో చేసి చూశాం. ఏఎండీ64ను రెండో ఆర్కిటెక్చర్‌గా చేర్చడం, కెర్నల్ మార్చడం సులువుగానే అయ్యాయి. ప్యాకేజీలు వేసే డీపీకేజీని, ఏపీటీని మార్చే దశ దాటాక లైబ్రరీలు ఒకదానికొకటి ముడిపడి, కొన్ని ప్యాకేజీలు 32లో, కొన్ని 64లో ఉండిపోయాయి. కూర్చుంటే ఆ ముళ్లు విప్పొచ్చు. కానీ పది సిస్టమ్‌లలో పది రకాలుగా మిగిలిన ల్యాబ్‌ను రేపు చూసుకోవాల్సింది ఆ యువకుడు. డెబియన్ వాళ్లు కూడా ఇలాంటి మార్పుకు తిరిగి ఇన్‌స్టాల్ చేయమనే చెబుతారు. హోమ్ ఫోల్డర్లు బయటి డిస్క్‌లోకి తీసి, డెబియన్ 13 ఏఎండీ64 కొత్తగా వేయాలని తేల్చాను.

2 జీబీ ఉన్న నాలుగింటి దగ్గర మాత్రం కాసేపు ఆగి ఆలోచించాను. 64-బిట్‌లో ప్రతి పాయింటర్ (మెమరీలో చోటును చూపే చిరునామా) 4 బైట్ల బదులు 8 బైట్లు తీసుకుంటుంది కాబట్టి అదే ప్రోగ్రాముకు ర్యామ్ కొంత ఎక్కువే కావాలి. తక్కువ ర్యామ్ ఉంటే 32-బిట్ మేలన్న పాత సలహాకు మూలం అదే, ఒకప్పుడు అది సరైనదే. ఇప్పుడు తూకం మారింది. లినక్స్‌కు 32-బిట్ క్రోమ్ 2016 మార్చిలోనే ఆగిపోయింది. ఫైర్‌ఫాక్స్ 145 నుంచి 32-బిట్ లినక్స్‌కు లేదు. ఉబుంటు, ఫెడోరా 2019లోనే 32-బిట్ వైపు తలుపు దాదాపు మూసేశాయి. డెబియన్ 13లో ఐ386 పేరు ఉన్నా, అది 64-బిట్ సిస్టమ్ మీద పాత 32-బిట్ ప్రోగ్రాములు నడుపుకోవడానికే. దానికి ఇన్‌స్టాలర్ లేదు, కెర్నల్ లేదు. కొద్దిపాటి ర్యామ్ మిగుల్చుకోవడానికి భద్రతా అప్‌డేట్లు రాని బ్రౌజర్‌తో విద్యార్థులను కూర్చోబెట్టడం నాకు ఒప్పుదల కాలేదు. నాలుగింటికీ సెకండ్ హ్యాండ్ ర్యామ్ కొనమన్నాను. వార్డెన్ పెట్టిన ఖర్చు మొత్తం అదొక్కటే.

వేసిన రోజునే క్రోమ్ ఎక్కింది, మాక్ టెస్ట్ తెరుచుకుంది.

మినీ పీసీలు: ప్రాసెసర్ 64, ఫర్మ్‌వేర్ 32

ఈ కేసులో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇది. ప్రాసెసర్ 64-బిట్ అని తేలింది. వాళ్ల దగ్గర వేరే డిస్ట్రో (లినక్స్‌లో ఇంకో రకం) ఏఎండీ64 పెన్‌డ్రైవ్ ఉంది, అది డెస్క్‌టాప్‌లలో చక్కగా బూట్ అవుతోంది. మినీ పీసీలో పెడితే మాత్రం బూట్ మెనూలో పేరు కూడా రాదు.

ఆటమ్ జడ్3735ఎఫ్ లాంటి చిప్‌లతో వచ్చిన చవక టాబ్లెట్లు, మినీ పీసీలలో చాలావాటికి 32-బిట్ యూఈఎఫ్ఐ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచి ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపే ఫర్మ్‌వేర్) పెట్టారు. వాటితో వచ్చింది 32-బిట్ విండోస్. యూఈఎఫ్ఐతో బూట్ కావాలంటే విండోస్‌కు ఫర్మ్‌వేర్ కూడా అదే బిట్‌లో ఉండాలి. కాబట్టి లోపల 64-బిట్ ప్రాసెసర్ ఉన్నా, గుమ్మం దగ్గర కూర్చున్న ఫర్మ్‌వేర్‌కు 32-బిట్ బూట్ ఫైలే అర్థమవుతుంది.

పెన్‌డ్రైవ్‌ను మామూలు ఫోల్డర్‌లా తెరిచి, ఈఎఫ్ఐ లోపల బూట్ అనే ఫోల్డర్‌లోకి వెళ్లి చూపించాను. అందులో బూట్ఎక్స్64.ఈఎఫ్ఐ ఒక్కటే ఉంది. 32-బిట్ ఫర్మ్‌వేర్ వెతికేది బూట్ఐఏ32.ఈఎఫ్ఐ కోసం. ఆ ఫైల్ లేని పెన్‌డ్రైవ్ దాని కంటికి ఖాళీదే. మేం దింపిన డెబియన్ ఏఎండీ64 ఇమేజ్‌లో రెండు ఫైళ్లూ ఉన్నాయి. అది పెట్టగానే మెనూ వచ్చింది.

ఐ386 వేసేస్తే గొడవ ఉండదు కదా అని ఇన్‌చార్జి అడిగాడు. డెబియన్ 12 ఐ386తో బూట్ చేయవచ్చు, నిజమే. కానీ 64-బిట్ ప్రాసెసర్‌ను ఒక బూట్ ఫైల్ కోసం 32-బిట్‌కు కట్టేస్తే, డెస్క్‌టాప్‌ల దగ్గర ఇప్పుడే వదిలించుకున్న చిక్కులన్నీ ఇక్కడ మళ్లీ మొదలవుతాయి. 32-బిట్ ఫర్మ్‌వేర్ మీద 64-బిట్ కెర్నల్ నడిచే ఏర్పాటు 2014లో వచ్చిన లినక్స్ 3.15 నుంచే ఉంది. డెబియన్ ఇన్‌స్టాలర్ ఫర్మ్‌వేర్‌ను చూసుకుని తగిన గ్రబ్‌ను (కెర్నల్‌ను లోడ్ చేసే బూట్ ప్రోగ్రాం) తనే వేసుకుంది. వేశాక సిస్ ఫోల్డర్ కింద ఫర్మ్‌వేర్, ఈఎఫ్ఐలలోకి వెళ్లి ఎఫ్‌డబ్ల్యూ_ప్లాట్‌ఫామ్_సైజ్ అనే ఫైల్ తెరిపించాను. 32 అని ఉంది. అదే యంత్రంలో యూనేమ్ ఎక్స్86_64 అంటోంది, డీపీకేజీ ఏఎండీ64 అంటోంది. ఆ మూడు జవాబులనూ ఇన్‌చార్జి తన నోట్‌బుక్‌లో ఒకదాని కింద ఒకటి రాసుకున్నాడు.

ఆల్మాలినక్స్ దగ్గర ఆగిన విద్యార్థులు

ఇక్కడ ఫైల్ పేరు సరిగ్గానే ఉంది: ఎక్స్86_64. ప్రాసెసర్‌లో ఎల్ఎం ఉంది. అయినా ప్యానిక్. తెర మీద ప్యానిక్ సందేశాలను కొంచెం పైకి చదివితే అసలు వరుస కనిపించింది: 'ఫేటల్ గ్లిబ్‌సీ ఎర్రర్: సీపీయూ డజ్ నాట్ సపోర్ట్ ఎక్స్86-64-వీ2.'

ఎక్స్86_64 అన్న ఒక్క పేరు కింద 2003 నాటి చిప్ నుంచి ఈ ఏడాది చిప్ దాకా అన్నీ పడతాయి. మధ్యలో చేరిన ఆదేశాలను లెక్కలోకి తేవడానికి 2020లో వీ1 నుంచి వీ4 దాకా మెట్లు ఏర్పరిచారు. వీ2కు ఎస్ఎస్ఈ4.2, పాప్‌కౌంట్ వంటివి కావాలి. ఇంటెల్‌లో 2008 చివర వచ్చిన నెహాలెంతో అవి మొదలయ్యాయి. వీ3కి ఏవీఎక్స్2 కావాలి, అది 2013 నాటి హాస్వెల్‌తో వచ్చింది. రెడ్ హ్యాట్ 9 వీ2 నుంచే నడుస్తుంది, 10 వీ3 నుంచి. కోర్ 2 డ్యుయో ఈ7500 ఎస్ఎస్ఈ4.1 దగ్గరే ఆగింది, అంటే వీ1. డెబియన్ 13 ఏఎండీ64కి వీ1 చాలు కాబట్టి అవే డెస్క్‌టాప్‌లు అక్కడ నడిచాయి, ఇక్కడ ఆగాయి.

పాత రెడ్ హ్యాట్ 8 తరహా డిస్ట్రో వేసి సర్దుకుందామా అని విద్యార్థులు అడిగారు. వాళ్లు చదివే కోర్సు 9 మీద. పాతదాని మీద సాధన చేసి కొత్తదాని పరీక్ష రాయడం వాళ్లకే నష్టం. వార్డెన్ ఆఫీసులోని నాలుగో తరం ఐ5 హాస్వెల్‌దే, వీ3 దాకా వెళ్తుంది. ఎల్‌డీ.ఎస్ఓ --హెల్ప్ కొట్టి చివర్లో ఏయే మెట్ల పక్కన 'సపోర్టెడ్' అని ఉందో వాళ్ల చేతే చూపించి, ఆ సిస్టమ్‌లో వర్చువల్ మెషీన్‌గా (ఉన్న సిస్టమ్ లోపలే నడిచే ఇంకో కంప్యూటర్‌లా) ఆల్మాలినక్స్ 9 వేశాం. సాయంత్రం ఆఫీసు మూశాక ఇద్దరూ అక్కడ కూర్చోవడానికి వార్డెన్ ఒప్పుకున్నారు.

ఒక జాగ్రత్త: తరం నంబర్ చూసి మెట్టు ఊహించకండి. అదే కాలపు చాలా పెంటియం, సెలెరాన్ చిప్‌లలో ఏవీఎక్స్2 లేదు.

నెట్‌బుక్‌లు, ఇంకా మిగిలినవి

ఎన్270కి 64-బిట్ పెన్‌డ్రైవ్ పెడితే ఏమవుతుందో ఇన్‌చార్జికి ఒకసారి చూపించాను. 'ఈ కెర్నల్‌కు ఎక్స్86-64 సీపీయూ కావాలి, ఇక్కడ ఐ686 మాత్రమే ఉంది' అని కెర్నల్ తనే చెప్పి ఆగిపోయింది. ఇంత స్పష్టంగా చెప్పే ఎర్రర్లు అరుదు, దీన్ని గుర్తు పెట్టుకోవాలి.

అందుకే వాటిలో ఉన్న డెబియన్ 12 ఐ386ను కదిలించలేదు. ఈ పేరు విషయంలో ఇంకో మాట. ఐ386 అన్నది 1985 నాటి 80386 చిప్ నుంచి వచ్చిన కుటుంబం పేరు. ఆ చిప్ మీద ఇప్పటి డెబియన్ నడవదు. అసలు లినక్స్ కెర్నలే 3.8తో 386ను వదిలేసింది. డెబియన్ 12 ఐ386కి ఐ686 తరగతి ప్రాసెసర్ ఉండాలి, ఎన్270 అందులోకి వస్తుంది.

డెబియన్ 12 దీర్ఘకాలిక మద్దతు గడువు 2028 జూన్. 1 జీబీ ర్యామ్‌తో ఇప్పటి వెబ్‌సైట్లు ఎలాగూ కష్టం కాబట్టి, ఈ మూడింటినీ తెలుగు టైపింగ్ సాధనకు, పీడీఎఫ్ పుస్తకాలు చదువుకోవడానికి కేటాయించి, నెట్ వాడకం ఆపించాం. గడువు తర్వాత వాటి సంగతి ఏమిటన్నది హాస్టల్ కమిటీ చూసుకోవాలి. ఆ తేదీ వార్డెన్ రిజిస్టర్‌లో రాయించాను.

ఈ ల్యాబ్ తర్వాత నా పద్ధతిలో మారింది ఒకటుంది. ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా ఒక్కో సిస్టమ్‌కు నాలుగు గళ్లు గీసుకుంటాను: ప్రాసెసర్‌లో ఎల్ఎం ఉందా, వీ మెట్టు ఎంత, ఫర్మ్‌వేర్ ఎన్ని బిట్లు, ఇప్పుడు వేసి ఉన్న సిస్టమ్ ఏ ఆర్కిటెక్చర్. చివరి గడిని మొదటి గడికి జవాబుగా ఎప్పుడూ వాడను. ఫైల్ దింపేది నాలుగూ నిండాకే. ఇన్‌చార్జి దగ్గర కూడా ఇప్పుడు అదే కాగితం ఉంది. మొన్న ఇంకో దాత రెండు ల్యాప్‌టాప్‌లు ఇస్తామంటే, ఏ కంపెనీవి అని అడగకుండా, ఎల్ఎస్‌సీపీయూ కొట్టి ఫోటో పంపమన్నాడట.